రాత్రి లెన్సులు: పగలు చూపు మసకబారితే?

హ్రస్వదృష్టి ఉన్నవారు రాత్రి పెట్టుకుని నిద్రపోయి, ఉదయం తీసేసే గట్టి కాంటాక్ట్ లెన్సులు ఉన్నాయి. ఈ పద్ధతిని ఆర్థోకెరటాలజీ అంటారు. ఆక్సిజన్‌ను పోనిచ్చే ఈ లెన్సు కార్నియా మధ్యభాగాన్ని కొద్దిగా చదును చేస్తుంది. మారేది ముఖ్యంగా సుమారు 50 మైక్రాన్ల మందముండే పైపొర. అందుకే ఫలితం తాత్కాలికం. లెన్సులు మానేస్తే పాత చూపే తిరిగి వస్తుంది.

మసక ఎప్పుడు వస్తోందన్నదే కారణాన్ని పట్టిస్తుంది. మొదటి ఒకటి రెండు వారాల్లో అది సహజమే. కార్నియా ఆకృతి ఇంకా కుదురుకోదు. ఉదయం బాగుండి సాయంత్రానికి మసకబారితే నిద్ర చాలకపోయి ఉండవచ్చు. సాధారణంగా 7-8 గంటలు కావాలి. ఉదయం నుంచే వస్తువులు రెండుగా, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే లెన్సు నిద్రలో పక్కకు జరుగుతుండవచ్చు. కార్నియల్ టోపోగ్రఫీ పరీక్షలో ఇది తెలుస్తుంది. చూపు హఠాత్తుగా తగ్గితే కుడి, ఎడమ లెన్సులు తారుమారయ్యాయేమో చూసుకోవాలి. పాత కళ్లద్దాలు పెట్టుకుంటే మసక పెరగవచ్చు. వాటి పవర్ ఇప్పటి కంటికి సరిపోదు.

లెన్సులను కుళాయి నీటితో కడగరాదు. అందులో ఉండగల అకాంతమీబా కార్నియాకు తీవ్ర ఇన్‌ఫెక్షన్ కలిగిస్తుంది. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు భరించలేకపోయినా అది మామూలు మసక కాదు. లెన్సులు ఆపి, వెంటనే కంటి వైద్యుణ్ని సంప్రదించాలి.