ఇంటిలో పెద్ద సముద్రజల తొట్టి: కట్టక మునుపు వేయవలసిన లెక్కలు

మనవారిలో చాలమంది క్రొత్త ఇండ్లు కట్టుకొనుచున్నారు. హాలులో గోడ పొడవునా అద్దపు తొట్టి కట్టించి, అందులో సముద్రపు నీరు నింపి, రంగు రంగుల చేపలను పెంచవలెనని పిల్లల కోరిక. పెద్దలును కాదనరు. వడ్రంగిని, మేస్త్రీని పిలిచి పని మొదలు పెట్టింతురు. ఓపిక గలవారు తామే కట్టుకొనవచ్చును. అది అసాధ్యమైన పని కాదు. కాని ఏ సరకు కొనినను ముందుగా తూకము, ధర, తరుగు చూచుకొను అలవాటు గల మనము, ఈ తొట్టి విషయములో మాత్రము అద్దము ధర ఒక్కటే అడిగి ఊరకుందుము. లెక్క తప్పినచో పోవునది మన ధనము మాత్రమే కాదు, నోరులేని జీవుల ప్రాణములు కూడ. అందుచేత ఆ లెక్కలు వరుసగా ఇచ్చట వ్రాయుచున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్పెదను. ఈ పనిలో మనము కాపాడవలసినది నీటిని. నీరు బాగున్నచో చేపలను కాపాడుట సులభము. నీరు చెడినచో ఎంత మేత వేసినను, ఎంత మందు పోసినను ప్రయోజనము లేదు.

1. కొంచెము పూర్వచరిత్ర

1832లో ఫ్రాన్సు దేశపు స్త్రీ జీన్ విల్‌ప్రూ-పవర్ సిసిలీ ద్వీపమున అద్దపు తొట్లు చేయించి, ఆర్గోనాట్ అను సముద్రప్రాణిని అందులో ఉంచి పరిశీలించెను. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు తొట్లు తెరచిరి. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆయన ఈ విషయముపై గ్రంథము వ్రాయగా, ఇంగ్లండులో ఇంటింట తొట్లు వెలసెను. కొన్నేండ్లకే ఆ మోజు చల్లారెను. నీరు కుళ్లి జీవులు చచ్చుట అందుకొక కారణము. మన దేశములో మద్రాసు సముద్రతీరమున 1909లోను, బొంబాయిలో 1951లోను ప్రదర్శనశాలలు వెలసినవి.

నీటిలోని మాలిన్యము ఎట్లు మారునో తెలియుటకు రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున చేసిన పరిశోధనలు దారి చూపినవి. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్, సముద్రపు జీవశిలలు, గాలి బుడగలు, సూర్యరశ్మి వీని సాయముతో తొట్టిని నడుపు విధానమును ప్రకటించెను. నేటి పద్ధతులన్నియు ఇట్టి పునాదులమీద పెరిగినవే.

2. బరువు లెక్క

ఉదాహరణకు పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు గల తొట్టిని తీసికొందము. అది 120 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 3,400 లీటర్ల నీరు పట్టును. సముద్రపు నీరు మంచినీటికంటె కొంచెము బరువు. కావున నీరే దాదాపు 3,480 కిలోలు తూగును. రాళ్లు, ఇసుక, అద్దము, పీట అన్నియు కలిసినచో నాలుగు టన్నులకు చేరును.

నివాస గదుల గచ్చును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారమునకు లెక్కకట్టవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. మూడడుగుల లోతు నీరు చదరపు మీటరుకు 930 కిలోలకు పైగా మోపును. అనగా నాలుగున్నర రెట్లు. మంచము, బీరువా వలె దీనిని మేడమీద పెట్టరాదు. నేలమీది అంతస్తులో, గట్టి పునాదిమీద మాత్రమే కట్టవలెను. అప్పుడును కట్టడపు ఇంజనీరును పిలిచి చూపింపవలెను. ఆయన రుసుము, మొత్తము ఖర్చులో ఏపాటిది?

3. ఒత్తిడి లెక్క

నీటి ఒత్తిడి పొడవునుబట్టి పెరుగదు, లోతునుబట్టి పెరుగును. పైన చెప్పిన తొట్టి ముందు అద్దముమీద నీరు మొత్తము 1,300 కిలోల బరువుతో త్రోయుచుండును. లోతు రెట్టింపు చేసినచో ఈ త్రోపు నాలుగు రెట్లగును. కావున పెద్ద తొట్టి కావలెనన్నవారు పొడవు, వెడల్పు పెంచుకొనవలెను గాని లోతు పెంచరాదు. చేతికి అడుగు అందని తొట్టిని శుభ్రము చేయుట కూడ కష్టమే.

నాలుగు ప్రక్కలు అద్దమే కానక్కరలేదు. మూడు ప్రక్కలు, అడుగు మందమైన ప్లైవుడ్‌తో కట్టి, లోపల ఫైబర్‌గ్లాసు గుడ్డ పరచి ఎపాక్సీ పూత వేసి, ముందు ప్రక్కకు మాత్రము అద్దము అమర్చుట తక్కువ ఖర్చు. అద్దము మందము ఎంతయో తెలిసినవారిచేత లెక్క కట్టించవలెను. ఇచ్చట అంచనా పనికిరాదు. అతుకునకు వాడు సిలికోనులో బూజు పట్టకుండ మందు కలిపిన రకమును కొనరాదు. ఆ మందు జీవులకు విషము. సిమెంటుతో కట్టినచో క్రొత్త సిమెంటు క్షారము నీటిలోకి దిగును. పలుమార్లు నీరు నింపి తీసి, ఆరిన పిదప పైపూత వేయవలెను. రాగి, ఇత్తడి, ఇనుము నీటికి తగులరాదు. రొయ్యలకు, పగడములకు రాగి కొద్దిగానైనను ప్రాణాంతకము.

కట్టిన తొట్టిని ముందు మంచినీటితో నింపి పది పదిహేను దినములు చూడవలెను. చెమ్మ కనబడినచో అప్పుడే సరిచేయుట సులువు.

4. ఉప్పు లెక్క

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములుండును. 3,400 లీటర్లకు 119 కిలోలు కావలెను. ఇది వంట ఉప్పు కాదు. సముద్ర లవణములలో సోడియము, క్లోరైడు కలిసి నూటికి 86 వంతులు మాత్రమే. తక్కినది సల్ఫేటు, మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము మొదలగునవి. ఆ కొద్దిపాటి సరకే పగడమునకు ఎముక, జీవులకు ఆధారము. అందుచేత తొట్లకై చేసిన లవణ మిశ్రమమునే కొనవలెను. కొళాయి నీటిలో క్లోరిన్ ఉండును గనుక దానిని వడకట్టి శుద్ధి చేసి వాడవలెను.

యానాము, మద్రాసు, గోపాలపూరు దగ్గరి మనవారు సముద్రమునుండియే నీరు తెచ్చుకొనవచ్చునని తలంతురు. యానాము వంటి చోట గోదావరి వరదలతో ఉప్పు హెచ్చుతగ్గులగును; రేవుల వద్ద నూనె, మురికి కలియును. తెచ్చినను ఉప్పు కొలిచి, వడకట్టి వాడవలెను.

మరియొక మెలకువ. ఎండకు ఆవిరియగునది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే మిగులును. వడ్డీ చెల్లించినను అసలు తరుగనట్లే ఇదియు. నూటికి ఐదు వంతుల నీరు ఆవిరియైనచో 35 గ్రాముల ఉప్పు 36.8 అగును. కావున తరిగినంత మేరకు శుద్ధమైన మంచినీటినే కలుపవలెను, ఉప్పునీటిని కాదు. ఈ పని దినదినము చేయవలెను.

5. మాలిన్యపు ఆవర్జా

ఈ లెక్క అన్నిటికంటె ముఖ్యము. చేప తిన్న మేతలో కొంత అమ్మోనియాగా మొప్పలనుండి వెలువడును. అది విషము. నీటిలోని ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. అది కొంతవరకు సహింపదగినది. ఒకరి పద్దు మరియొకరి పద్దులోకి మారినట్లు మాలిన్యము ఇట్లు మూడు పద్దులలో నడచును. కడపటి పద్దు పెరుగకుండ నీరు కొంచెము కొంచెముగా మార్చుట, సముద్రపు నాచు పెంచుట మన పని. పదవ వంతు నీరు మార్చినచో 340 లీటర్ల నీరు, 12 కిలోల లవణము ప్రతిసారి కావలెను.

ఈ సూక్ష్మజీవులు రాళ్లమీద, ఇసుకలో స్థిరపడి తగినంత పెరుగుటకు సాధారణముగా నాలుగునుండి ఆరు వారములు పట్టును. పూర్వము ఈ కాలములో కొన్ని మొండి చేపలను ముందు వదలి, అవి బ్రతికినచో తక్కినవి తెచ్చెడివారు. అట్టి పరీక్షకు ప్రాణులను బలిపెట్టనక్కరలేదు. శుద్ధమైన అమ్మోనియం క్లోరైడును కొద్ది కొద్దిగా కలిపి, ప్రతి దినము పరీక్షా ద్రవములతో కొలిచి వ్రాసికొనవలెను. అమ్మోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైటు పెరిగి తగ్గును. కలిపిన అమ్మోనియా ఒక దినములో పూర్తిగా మాయమై, నైట్రైటు కూడ సున్న అయినప్పుడే తొట్టి సిద్ధమైనట్లు. అంతకు ముందు ఒక్క చేపను వదలినను అది దానికి విషపుగదియే.

6. యంత్రములు, విద్యుత్తు

పెద్ద తొట్టి క్రింద మరియొక చిన్న తొట్టి ఉంచి, పైనీరు పొరలి క్రిందకు దిగి, పంపుతో తిరిగి పైకి చేరునట్లు అమర్చుదురు. విద్యుత్తు ఆగినప్పుడు పైతొట్టిలో ఒక్క అంగుళము నీరు దిగినను 94 లీటర్లు క్రిందికి వచ్చును. క్రింది తొట్టిలో అంత చోటు ఎల్లప్పుడు ఖాళీగా లేనిచో హాలంతయు ఉప్పునీరే.

నురుగు తీయు గొట్టము చాల ఉపయోగకరము. బెల్లము కాచునప్పుడు మడ్డి పైకి తేలగా తీసివేయుదుము గదా. అట్లే సన్నని గాలి బుడగలు నీటిలోని జిడ్డును పట్టుకొని నురుగుగా పైకి తెచ్చును. అమ్మోనియాగా మారకముందే కొంత మాలిన్యము ఇట్లు బయటకు పోవును.

నీటి వేడి 25 నుండి 27 డిగ్రీలు ఉండుట మేలు. బళ్లారి, వేలూరు వంటి చోట వేసవిలో గాలియే 40 డిగ్రీలు దాటును. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరగును. కావున చల్లబరచు యంత్రము ఖర్చును, దాని విద్యుత్తు ఖర్చును మొదటనే లెక్కలో వేయవలెను. విద్యుత్తు పోయినప్పుడు గాలి పంపు నడచుటకు బ్యాటరీ ఏర్పాటు తప్పనిసరి. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును. ఎర్తింగు, లీకైన వెంటనే ఆగిపోవు స్విచ్చి లేక తొట్టిలో చేయి పెట్టరాదు.

7. జీవుల విషయము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో రాతి పగడములు, నల్ల పగడములు, సముద్రపు గుర్రములు, సముద్రపు దోసకాయలు చేర్చబడినవి. మన సముద్రములనుండి వీనిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. అంగడివాడు ఏమి చెప్పినను నమ్మరాదు. ఎండు రాళ్లతోనే తొట్టిని కట్టుకొనవచ్చును. కాలక్రమమున అవియే జీవశిలలగును.

కొన్ని దేశములలో పగడపు దిబ్బలవద్ద సయనైడు చల్లి చేపలకు మత్తెక్కించి పట్టుదురు. అట్లు పట్టిన వానిలో అనేకము తరువాత చచ్చును. అందుచేత పెంపకములో పుట్టిన చేపలనే అడుగవలెను. క్లౌన్ చేపలను పొదిగించి పెంచు విధానమును మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించినది. ఈ చేప తొట్టిలో పదేండ్లకు పైగా బ్రతుకగలదు.

మేత సంగతి మన ఇండ్లలో ముందే తేల్చుకొనవలెను. అంగట దొరకు మేత చాలవరకు చేపపిండితో, రొయ్యపిండితో చేసినది. సర్జన్ చేపల వంటివి ముఖ్యముగా నాచు తిని బ్రతుకును. క్లౌన్ చేపకు మాంసాహారము కూడ కావలెను. మన ఆహారనియమమును దానిమీద రుద్ది ఆకలితో మాడ్చుట దయ కాదు. ఆ మేత ఇంటికి తెచ్చుటకు మనసొప్పనివారు చేపలను తెచ్చుకొనక, సముద్రపు నాచులు మాత్రమే పెంచు తొట్టి పెట్టుకొనవచ్చును. అదియు చూడ ముచ్చటగానే యుండును.

8. చేయువారెవరు?

పెద్ద తొట్టిలో ఒక మేలు కలదు. నీరు ఎక్కువగుటచే వేడి, ఉప్పు, మాలిన్యము నెమ్మదిగా మారును. తప్పు దిద్దుకొనుటకు వ్యవధి దొరకును. కాని తప్పును గమనించు మనిషి ఉండవలెను. ప్రతి దినము నీరు పోయుట, వేడి చూచుట. వారమునకొకసారి ఉప్పు, నైట్రేటు కొలుచుట. నురుగు గిన్నె కడుగుట. పెండ్లికి, తీర్థయాత్రకు, సరకు కొనుగోలుకు ఇంటిల్లిపాది వెళ్లినప్పుడు ఇవన్నియు ఎవరు చేయుదురు? కోరిక కోరిన పిల్లవాడు చదువునకు ఊరు వెళ్లినచో ఎవరు చేయుదురు? పదేండ్లు బ్రతుకు ప్రాణికి పదేండ్ల పూచీ కావలెను.

కావున నా సలహా యిది. తొట్టి కట్టి, నీరు నింపి, యంత్రములు నడపి, రెండు మాసములు చేపలు లేకయే పెట్టుడు. ఆ అరువది దినములును కొలతలన్నియు ఒక చిట్టాలో తేదీవారీగా వ్రాయుడు. ఒక్క దినమైనను ఖాళీ లేక చిట్టా నిండినచో చేపలను తెచ్చుకొనుడు. మధ్యలో పుటలు ఖాళీగా మిగిలినచో తొట్టిలో నాచు పెంచుకొని తృప్తిపడుడు. ఆ పాటి నష్టము డబ్బుతో పోవును.