చిన్న పడవకు లంగరు

‘లంగరు’ పారసీకం నుండి వచ్చిన మాట. ఉర్దూలో అది ‘లంగర్’. తెలుగులో ఉకారాంతమై ‘లంగరు’ అయినది. మాట ఉభయ భాషల వారికీ పరిచితమే. అది పడవను ఏ విధంగా నిలుపుతుందో ఆలోచించినవారు మాత్రం తక్కువ.

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో నిర్మింపబడిన హుస్సేన్ సాగర్ మన జంట నగరాల నడుమ ఉన్నది. వానకాలంలో అక్కడ తెరచాప పడవల పందెములు జరుగుతుంటాయి. తెరచాపకు బలమైన ఆ గాలియే, గాలం వేసి కూర్చొనదలచిన చిన్న పడవకు శత్రువు. అట్టి చిన్న పడవలలో కయాక్ ఒకటి. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు వేట కొరకు కల్పించుకొన్న ఈ సన్నని పడవ తేలిక అగుటచే స్వల్పమైన గాలికే కొట్టుకొనిపోతుంది. దానిని అదుపు చేయు సాధనాలు రెండు.

మొదటిది లంగరు. ఇది నేలను పట్టుకొంటుంది. బరువు వల్లనే లంగరు నిలుస్తుందని పలువురి అభిప్రాయం. కాని కయాక్‌కు వాడే మడత లంగరు బరువు సుమారు ఒకటిన్నర కిలోలే. దాని బలమంతా కొక్కేలలో ఉన్నది. తాడు ఏటవాలుగా లాగినపుడు కొక్కెం బురదలో దిగుతుంది; నిట్టనిలువుగా లాగితే ఊడివస్తుంది. కనుక గాలి వీచునపుడు నీటి లోతుకు 5 నుండి 7 రెట్లు తాడు విడవాలి. లోతు 10 అడుగులైతే తాడు 50 నుండి 70 అడుగులు కావాలి. లంగరుకూ తాడుకూ మధ్య కొంత గొలుసు ఉంటే లాగుడు నేలకు మరింత సమీపంగా ఉంటుంది.

రెండవది గొడుగు వలె విచ్చుకొనే గుడ్డసంచి. ఇది నీటినే పట్టుకొంటుంది. పడవను ఆపదు, నెమ్మదింపజేస్తుంది. నీరు గాలి కంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుచే చిన్న సంచి కూడ గాలి త్రోపును ఎదిరింపగలదు. సంచి మూతి వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. నిరోధమూ ఆ మేరకే పెరుగుతుంది. సంచి కొసకు వేరొక సన్నని తాడు కట్టాలి. దానిని లాగినచో సంచి తలక్రిందులై, నీరు విడిచి, సులభంగా చేతికి వస్తుంది.

ఇక ముఖ్యవిషయం, తాడు కట్టే చోటు. పడవ నడుమ ప్రక్కగా కట్టినచో అలలు అడ్డంగా తాకి, తాడు ఆ ప్రక్కనే క్రిందికి లాగి, పడవ బోల్తాపడవచ్చును. లాగుడు కొన నుండియే ఉండాలి. కూర్చొన్నవాని చేయి కొనకు అందదు. కావున పడవ ప్రక్కన ముందొక చిన్న కప్పీ, వెనుకొక కప్పీ బిగించి, వానిపై ఒక తాడును చుట్టుగా నడిపి, దానికొక కడియం కట్టాలి. లంగరు తాడును కడియం గుండా పోనిచ్చి, చుట్టుతాడును లాగితే కడియం కొనకు చేరుతుంది. ప్రవాహమున్నచోట ముక్కు వైపునకే చేర్చాలి. కృష్ణా గోదావరుల వంటి నదులు ఉధృతంగా పారునపుడు ఈ రెండు సాధనాలనూ వాడరాదు.

తాడు కొసను ఒక్క లాగుతో ఊడే ముడితోనే బిగించాలి. చాకు చేతికి అందేచోట ఉండాలి. లంగరు రాళ్లలో చిక్కుకొన్నప్పుడు దానిని విడువలేక పడవతోపాటు మునుగుట కంటె, తాడు కోసి లంగరును వదలుకొనుట మేలు. లంగరును మరల కొనవచ్చును. నీటిపైకి పోయే విద్యార్థి తేలుడు కోటు ధరించి, ఈ కట్టునూ విప్పునూ ముందుగా ఒడ్డుననే, లోతు లేని నీటిలో, పెద్దల సమక్షంలో అభ్యసించాలి.