బూడిద మోతాదు ఎక్కడిది? పరిశోధన పత్రికలను, జనరంజక ప్రచురణలను వేరుచేసి చూడటం

సింగరేణి ప్రాంతంలో బొగ్గుతో పాటు దానిని మండించగా మిగిలే బూడిద కూడా విస్తరణ శాస్త్రవేత్తలకు పరిశీలనాంశమే. దేశీయ బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, రామగుండంలోని ఎన్.టి.పి.సి. కేంద్రం పరిసరాల రైతులకు ఈ బూడిదను పొలానికి తోలుకోవచ్చునా అన్న సందేహం కలగడం సహజం. సమాధానం వెతికే విద్యార్థికి రెండు తరహాల రచనలు లభిస్తాయి.

జనరంజక వ్యాసం బూడిద వల్ల నేల గుల్లబారుతుందని, దిగుబడి పెరుగుతుందని చెప్పి ముగిస్తుంది. పరిశోధన వ్యాసం అంత సూటిగా ఉండదు. బూడిద ఏ కేంద్రానిది, దాని ఉదజని సూచిక ఎంత, బోరాన్, భారలోహాలు ఎంత మేరకు ఉన్నాయి, ప్రయోగం చల్కా నేలలోనా నల్లరేగడిలోనా, ఎన్ని మోతాదులు, ఎన్ని పునరావృతాలు, ఎన్ని సీజన్లు, దిగుబడిలో తేడా గణాంకపరంగా సార్థకమా కాదా అనే వివరాలన్నీ అందులో ఉండాలి. ఇవి అలంకారాలు కావు. బొగ్గు మండినప్పుడే నత్రజని దాదాపుగా పోతుంది కనుక బూడిద యూరియాకు ప్రత్యామ్నాయం కాజాలదు. క్షార గుణం గల బూడిద ఆమ్ల నేలకు మేలు చేయవచ్చు. ఇప్పటికే క్షారత ఉన్న రేగడికి కీడు చేయవచ్చు. బోరాన్ విషయంలో లోపానికి, విషప్రభావానికి మధ్య ఎడం స్వల్పం. మోతాదు సంగతి మరీ ముఖ్యం. హెక్టారుకు అని ఉన్నది ఎకరానికి అని అచ్చయితే రైతు దాదాపు రెండున్నర రెట్లు వేస్తాడు. నేలలో కలిసిన బూడిదను తిరిగి తీయలేము.

రచయిత పనిచేసే సంస్థ, వ్యాసం అందిన తేదీ, ఆమోదించిన తేదీ, ఉపయుక్త గ్రంథాల పట్టిక, ప్రచురణకు ముందు విషయ నిపుణుల సమీక్ష పరిశోధన పత్రికకు గుర్తులు. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య మాత్రం గుర్తు కాదు. ఆ ఎనిమిదంకెల సంఖ్య వారపత్రికకూ లభిస్తుంది. పరిశోధన పత్రికలో కనిపించే సంపాదకీయం, లేఖలు, వార్తలు సాధారణంగా సమీక్షకు వెళ్లవన్నది కూడా గమనార్హం.

1969లో మొదలైన ‘అన్నదాత’, వ్యవసాయ శాఖ వెలువరించే ‘పాడిపంటలు’ వంటి మాసపత్రికల ప్రయోజనం వేరు. అవి రైతుకు అర్థమయ్యేలా చెప్పడానికి వెలసినవి, ఆ పని చిన్నది కాదు. ఒక సాంకేతికత ఏ కాలంలో, ఏ మాటలతో రైతుకు చేరిందో అధ్యయనం చేసేవారికి అవే మూలాధారాలు. బూడిద వల్ల దిగుబడి పెరిగిందనడానికి మాత్రం అవి సాక్ష్యం కావు. ఇంతకంటే ప్రమాదకరమైనవి, రుసుము తీసుకొని సమీక్ష లేకుండానే అచ్చువేసే ‘అంతర్జాతీయ’ పత్రికలు. జనరంజక పత్రిక తాను ఫలానా అని చెప్పుకుంటుంది; ఇవి వేషం మారుస్తాయి. యు.జి.సి. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితాను నిలిపివేసిన తరువాత వాటిని గుర్తించే బాధ్యత సంస్థలపైన, పరిశోధకులపైన మరింతగా పడింది.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి కనుమరుగయ్యే అవకాశం మిక్కిలిగా ఉందని వాతావరణ మార్పుపై అంతర ప్రభుత్వ సంఘం 2007 నివేదికలో పేర్కొన్నది. దానికి ఆధారంగా చూపినది ప్రపంచ వన్యప్రాణి నిధి 2005 నివేదిక. ఆ నివేదికకు ఆధారం ‘న్యూ సైంటిస్ట్’ అనే జనరంజక పత్రికలో 1999లో వచ్చిన కథనం. 2010 జనవరిలో సంఘం విచారం వ్యక్తం చేసింది. ఒక నివేదికను మరొకటి ఉదహరించినందున మాట బలపడినట్లు కనిపించింది కాని, దాని అడుగున ప్రయోగ ఫలితమేదీ లేదు.

కాబట్టి “శాస్త్రవేత్తలు కనుగొన్నారు” అన్న వాక్యం ఎదురైనప్పుడు ఏ శాస్త్రవేత్తలు, ఏ సంపుటి, ఏ పుట అని వెనుకకు నడవాలి. మూల వ్యాసం దొరికితే ముందుగా చదవవలసినది సారాంశం కాదు, ప్రయోగ పద్ధతి. దొరకకపోతే ఆ వాక్యాన్ని సిద్ధాంత వ్యాసంలో ఫలితంగా ఉదహరించరాదు. రైతులకు ప్రచారంలో ఉన్న అభిప్రాయంగా, పత్రిక పేరు, సంచిక తేదీతో నమోదు చేయవచ్చు.