పైన పొడి, లోన తడి

ఒకసారి మహాప్రవక్త (స) అంగడిలో నడుస్తూ ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. లోపలికి చేయి పెట్టి చూస్తే వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు పోయలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటనను కృష్ణా డెల్టా వాసులకు విడమరచి చెప్పనక్కర్లేదు. తేమ పేరుతో ధర తగ్గించుకోని రైతు మన ప్రాంతంలో ఎవరున్నారు?

బస్తాలో చేయి పెట్టనిదే ధాన్యం కొనని మనం, కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బును మాత్రం చూడకుండానే అప్పగిస్తున్నాం.

విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంగతే చూడండి. వాయిదాల మీద డబ్బు కడితే గడువు తీరాక స్థలం గాని, పెరిగిన సొమ్ము గాని ఇస్తామన్నారు. మంగళగిరి దగ్గర రహదారి పక్కన వెలసిన హాయ్‌లాండ్‌ను చూసినవారికి ఇక అనుమానమే రాలేదు. రాశి పైభాగం అంత పొడిగా కనిపించింది! 2014 నాటికి చెల్లింపులు ఆగాయి. 2015లో సీఐడీ దర్యాప్తు మొదలైంది, 2016లో సంస్థ ఛైర్మన్ అరెస్టయ్యారు. పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది కట్టిన దాదాపు 6,380 కోట్ల రూపాయలు చిక్కుకుపోయాయి. చిన్న డిపాజిటర్లకు 2019లోనూ 2021లోనూ రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి కొంత చెల్లించింది.

ఇది అందరికీ తగిలిన దెబ్బ. మన సముదాయానికి తగిలిన దెబ్బ వేరే ఉంది. అది ‘వడ్డీ లేని హలాల్ లాభం’ అనే మాటతో వచ్చింది. హైదరాబాద్ హీరా గోల్డ్ ఏడాదికి 36 శాతం దాకా లాభం చూపింది. దాని అధినేత్రి 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. బెంగళూరు ఐఎంఏ 2019 జూన్‌లో మూతపడింది. దుబాయికి వెళ్లిపోయిన దాని అధిపతిని జూలైలో ఢిల్లీలో పట్టుకున్నారు. ఎవరి దోషం ఎంతో తేల్చవలసింది న్యాయస్థానాలే. మనం తేల్చుకోవలసింది వేరొకటి: వడ్డీకి భయపడి బ్యాంకుకు దూరంగా ఉన్న భక్తిపరులే అక్కడ ఎందుకు బారులు తీరారు?

ముదారబా అంటే ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. వచ్చిన లాభాన్ని ముందే ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడిదారుకు సొమ్ము పోతుంది, పనివాడికి శ్రమ పోతుంది. నష్టమే ఎరుగని వ్యాపారం ప్రపంచంలో లేదు. నెలనెలా తప్పక లాభం వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే దాని మీద ‘హలాల్’ అని రాసినంత మాత్రాన అది ముదారబా కాదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఎదుట ఒక వ్యక్తి మరొకరి మంచితనానికి సాక్ష్యం చెప్పబోయాడట. అతని పొరుగున ఉన్నావా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు లావాదేవీ నడిపావా అని ఉమర్ (రజి) అడిగారు. అన్నిటికీ లేదనే జవాబు. మసీదులో నమాజు చేస్తుండగా చూసి ఉంటావు, నీకతను తెలియడు పొమ్మన్నారు. సాటివారిని అనుమానించడం పాపం కదా అని కొందరంటారు. దుష్ట అనుమానాన్ని వారించిన అల్ హుజురాత్ సూరాయే, వచ్చిన వార్తను విచారించుకోమని కూడా ఆదేశించింది. లెక్కలు అడగడం నింద వేయడం కాదు.

ఇక చాలామంది దాటవేసే విషయం. ఇలాంటి పథకాల్లో వ్యాపారం నుంచి రాబడి ఉండదు. కొత్తగా చేరినవారి సొమ్మే పాతవారికి లాభంగా అందుతుంది. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో పోంజీ అనేవాడు 45 రోజుల్లో 50 శాతం ఇస్తానంటూ నడిపిందీ ఇదే. అంటే ముందుగా చేరి, లాభం తీసుకుని, క్షేమంగా బయటపడ్డానని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటున్న సోదరుని చేతిలో ఉన్నది ఎవరి సొమ్ము? అది ఏ కుట్టుపని చేసుకునే వితంతువు దాచుకున్నదో కావచ్చు. వడ్డీ విషయంలో పశ్చాత్తాపపడేవారికి అసలు మాత్రమే దక్కుతుందని అల్ బఖరా సూరా నిర్ణయించింది. అసలుకు మించి పుచ్చుకున్నది సొంతదారులకు చేర్చాలనీ, వారెవరో ఏ విధంగానూ తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలనీ ధర్మవేత్తలు చెబుతారు.

ఏజెంట్ల స్థితి మరింత క్లిష్టం. వారిలో అనేకులు తామూ మోసపోయినవారే. బంధువుల తిట్లు పడ్డవారే. కానీ తాను చేర్పించిన ప్రతి ఒక్కరి మీదా పుచ్చుకున్న కమీషన్ ఉందే, అది ఆ ఇళ్ల నుంచి వచ్చిన డబ్బే. వారికి ఆ ఇళ్లు ఎవరివో తెలియకపోవడమన్నది ఉండదు. ఒక్కసారే తీర్చలేకపోతే కొద్దికొద్దిగా తీర్చవచ్చు, లేదా వెళ్లి క్షమాపణ కోరవచ్చు. వదిలివేయడమో, అడగడమో వారి హక్కు. ఎంత తీసుకున్నదీ ఎవరి వద్ద తీసుకున్నదీ రాసి, ఆ కాగితాలతో తెలిసిన ఆలిమ్ దగ్గరకు వెళ్లండి. నోటి లెక్కలు వద్దు. ఖుర్‌ఆన్‌లోని అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పులను రాసుకోవడం గురించే.