డొమైన్ ఎక్స్‌పైర్ అయ్యి మెయిల్స్ ఆగిపోయాయా? కంగారు పడే ముందు ఇవి చూడండి

"అల్లుడూ, రెండ్రోజుల నుంచి ఒక్క మెయిలూ రావట్లేదు. నెట్ ప్రాబ్లమా?" అని విజయవాడ నుంచి మావయ్య ఫోన్. ఆయనది ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి కార్డుల డిజైన్లు, స్కూల్ డైరీల ఆర్డర్లు అన్నీ సొంత డాట్ కామ్ అడ్రస్‌కే వస్తాయి. సైట్ ఓపెన్ చేస్తే ప్రెస్ ఫోటో బదులు ఎవరివో యాడ్స్ కనిపించాయి. విషయం అర్థమైపోయింది.

ముందు హూయిజ్‌లో చెక్ చేశా. ఎక్స్‌పైరీ డేట్ వచ్చే ఏడాదిది చూపిస్తోంది! ఇక్కడ చాలామంది మోసపోతారు. డాట్ కామ్‌లో గడువు అయిపోగానే రిజిస్ట్రీ తనంతట తనే ఏడాది పొడిగించినట్టు చూపిస్తుంది, డబ్బులు కట్టకపోయినా సరే. కాబట్టి డేట్ కాదు, స్టేటస్ చూడండి. 'ఆటో రెన్యూ పీరియడ్' అని ఉంటే ఇంకా టైమ్ ఉన్నట్టే. ఇది గరిష్ఠంగా 45 రోజులు, రిజిస్ట్రార్‌ని బట్టి తగ్గొచ్చు. ఈలోపు చాలావరకు మామూలు రేటుకే రెన్యూ అవుతుంది. అది దాటితే 30 రోజుల రిడెంప్షన్, అక్కడ ఫీజు బాగా వాచిపోతుంది. తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆ పైన ఎవరైనా కొనేసుకోవచ్చు. కొన్నవాడికి మీ అడ్రస్‌కి వచ్చే పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ కూడా వెళ్తాయి. నాకు అసలు భయం అదే.

మాది మొదటి దశలోనే ఉంది. హమ్మయ్య అనుకుని లాగిన్ అవ్వబోతే ఓటీపీ అదే డొమైన్ మెయిల్‌కి వెళ్తోంది. ఆ మెయిల్ పనిచేయట్లేదనే కదా లాగిన్ అవుతున్నాం! ఈ ఘనకార్యం నాదే. బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఈ అకౌంట్ సెట్ చేసింది నేనే, ప్రొఫెషనల్‌గా ఉంటుందని ఆ అడ్రస్ ఇచ్చా. గడువుకి ముందు వచ్చిన రిమైండర్లు ఆర్డర్ల కుప్పలో పోయాయి, తర్వాత వచ్చేవి చేరే దారే లేదు. ఆటో రెన్యూవల్ ఆన్‌లోనే ఉంది కానీ కార్డుకి ఇ-మాండేట్ ఇవ్వలేదు. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బిఐ రూల్స్ వల్ల అది లేకుండా డబ్బులు కట్ అవ్వవు.

1999 క్రిస్మస్‌కి మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యూ చేయడం మర్చిపోతే హాట్‌మెయిల్ లాగిన్లు ఆగిపోయాయి. అప్పుడు కంపెనీకి సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ 35 డాలర్లు తనే కట్టేశాడు. మాకు ఆ ఛాన్స్ లేదు, లాగిన్ లేకుండా పేమెంట్ పేజీయే రాదు. సపోర్ట్‌కి పాత ఇన్‌వాయిస్, జీఎస్‌టీ సర్టిఫికెట్, మావయ్య ఐడీ పంపితే మర్నాడు సాయంత్రానికి అకౌంట్ మెయిల్ మార్చారు. వెంటనే రెన్యూ చేశా.

ఈ మధ్యలో ఇన్‌బాక్స్‌కి ఏమీ కాలేదు. డొమైన్ పోయినా పాత మెయిల్స్ మెయిల్ హోస్ట్ దగ్గరే ఉంటాయి. హోస్ట్ సొంత లాగిన్ పేజీ నుంచి వెళ్తే అన్నీ కనిపించాయి. కొత్తవి మాత్రం రావు. అప్పటికి ఒక జీమెయిల్ అడ్రస్ తీసి కస్టమర్లకి వాట్సాప్‌లో పంపించాం.

మరి ఆ రోజుల్లో ఎవరైనా పంపినవి? ఇది డిఎన్‌ఎస్‌ని బట్టి ఉంటుంది. డొమైన్ పేరే దొరకకపోతే మెయిల్ వెంటనే బౌన్స్ అవుతుంది. మా కేసులో యాడ్స్ పేజీ ఐపీ అడ్రస్ ఉంది, ఎంఎక్స్ రికార్డ్ లేదు. అలాంటప్పుడు పంపే సర్వర్ ఆ ఐపీకే ట్రై చేస్తుంది, అక్కడ మెయిల్ తీసుకునేవాడు లేకపోతే క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ట్రై చేస్తుంది. మామూలుగా 4, 5 రోజుల దాకా వదలదు. అందుకే ప్రతి గంటా విలువైనదే.

రెన్యూ అయ్యాక నేమ్‌సర్వర్లు పాతవే ఉన్నాయా, ఎంఎక్స్, ఎస్‌పిఎఫ్, డికెఐఎమ్ రికార్డ్స్ వచ్చాయా చూసుకోండి. డాట్ కామ్ నేమ్‌సర్వర్ సమాచారం 48 గంటల వరకు క్యాష్‌లో ఉండొచ్చు. కాబట్టి ఒకరి మెయిల్ వచ్చి ఇంకొకరిది రాకపోతే సెట్టింగ్స్ కెలక్కండి. గూగుల్ పబ్లిక్ డిఎన్‌ఎస్‌కి క్యాష్ ఫ్లష్ చేసే పేజీ ఉంది, నేను అది వాడా.

ఆ రాత్రే క్యూలో ఉన్నవి ఒక్కొక్కటీ దిగడం మొదలైంది. స్కూల్ డైరీల ఆర్డర్ మాత్రం రాలేదు. మర్నాడు మావయ్యే ఫోన్ చేసి మళ్లీ పంపించుకున్నారు. అకౌంట్‌లో ఇప్పుడు ఆయన జీమెయిల్, నా నంబర్ ఉన్నాయి.