వేసవిలో షియాన్: బృందంతో వెళ్లే కుర్రవాడికి



షియాన్ చైనాలోని షాన్‌షీ ప్రావిన్సుకు రాజధాని. పూర్వం దీని పేరు ఛాంగాన్. హాన్, తాంగ్ వంశాల చక్రవర్తులు ఇక్కడి నుంచి పాలించారు. పట్టు బేరగాళ్లు పడమటి దేశాలకు దారి పట్టిందీ ఇక్కడి నుంచే. దక్షిణాన చిన్‌లింగ్ కొండలు, ఉత్తరాన వేయ్ నది, నడుమ మైదానం. జులై, ఆగస్టు నెలల్లో ఆ మైదానంలో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలు, ఒక్కోసారి 40 దాకా పోతుంది. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవారికి ఈ అంకె పెద్దగా అనిపించదు. కానీ ఆ ఊళ్లలో మిట్టమధ్యాహ్నం ఎవరూ పనిగట్టుకుని ఆరుబయట తిరగరు. యాత్రకు పోయినవాడు తిరుగుతాడు, పైగా వీపున బరువుతో. చైనా బడులకు వేసవి సెలవులు కూడా అప్పుడే కాబట్టి ఎండతోపాటు జనమూ విపరీతం. అందువల్ల ఈ ఊళ్లో ఏది ఏ వేళకు చూడాలన్న లెక్క ముందే వేసుకోవాలి.

మొదట కాగితాల సంగతి. భారతీయులు వీసా ముందే తీసుకుని వెళ్లాలి. పాస్‌పోర్టును బృంద నాయకుడి సంచిలో కాక ఎవరిది వారు తమ దగ్గరే ఉంచుకోవాలి. రైలు టికెట్టు, మ్యూజియం ప్రవేశం, హోటల్ గది అన్నీ పాస్‌పోర్టు నంబరు మీదే నడుస్తాయి. షాన్‌షీ చరిత్ర మ్యూజియానికి మామూలు ప్రవేశ రుసుం లేదు కానీ ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మామూలుగా సోమవారం సెలవు. వేసవిలో ఆ నమోదు త్వరగా నిండిపోతుంది. యాత్ర కంపెనీకి డబ్బు కట్టేముందే ఏయే చోట్లకు టికెట్లు తీశారో, ఏయే దుకాణాల దగ్గర బస్సు ఆపుతారో అడిగి రాయించుకోవడం మంచిది. ఆగిన ప్రతి దుకాణంలో కొనాలని లేదు. బలవంతపు కొనుగోళ్లను 2013 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న చైనా పర్యాటక చట్టం నిషేధించింది.

చైనాలో గూగుల్, వాట్సాప్ మామూలు ఇంటర్‌నెట్ మీద తెరుచుకోవు. అక్కడ మాటలకు వీచాట్, చెల్లింపులకు అలీపే. ఈ రెండింటినీ ఫోన్‌లో పెట్టుకుని, అంతర్జాతీయ కార్డును జతచేసి సరిచూసుకోవాలి. కొంత నగదు యువాన్లుగా వేరే జేబులో ఉండాలి. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో సీసీసీ (చైనా భద్రతా ధ్రువీకరణ) ముద్ర లేని పవర్ బ్యాంకును అనుమతించడం లేదు. ఆ ముద్ర ఉన్నదే కొనుక్కోవాలి.

సంచులు రెండు కావాలి. పెద్దది హోటల్లోనో బస్సులోనో ఉండిపోతుంది. వీపుకెక్కేది చిన్నది. అందులో పాస్‌పోర్టు, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టోపీ, మడతపెట్టే గొడుగు, పవర్ బ్యాంకు, హోటల్ పేరు చీనీ లిపిలో ఉన్న కార్డు ఉంటే చాలు. గొడుగు ఎండకూ, సాయంత్రం ఉరుములతో వచ్చే వానకూ పనికొస్తుంది. కుళాయి నీళ్లు తాగకూడదు. రైళ్లలో, స్టేషన్లలో, హోటళ్లలో మరిగించిన నీళ్లు దొరుకుతాయి కాబట్టి వేడికి తట్టుకునే స్టీలు సీసా మేలు. మెట్రోలో ప్రతి స్టేషన్ దగ్గరా సంచిని యంత్రంలో పెట్టి చూస్తారు. ఆ ఆలస్యాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి.

చైనా అంతటికీ ఒకటే గడియారం, అది బీజింగ్ సమయం. మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందు. షియాన్ పడమరకు జరిగి ఉంది కాబట్టి జులైలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట కావస్తుంది, గుంకేసరికి ఎనిమిదవుతుంది. ఎండ ముదిరేది మూడు, నాలుగు గంటల నడుమ. ఆరుబయటి చోట్లను ఉదయం పది లోపు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకుని, నడిమి గంటలను మ్యూజియాలకూ భోజనానికీ విశ్రాంతికీ వదలాలి. బృందం పట్టిక ఇందుకు విరుద్ధంగా ఉంటే మొదటి రోజే గైడ్‌తో మర్యాదగా చెప్పి మార్పించుకోవచ్చు. పదిమందీ కలిసి అడిగితే చాలావరకు మారుతుంది.

ఈ ఊళ్లో కాలాలు కలగలిసిపోయి ఉంటాయి. గైడ్ నోట వినిపించేది ఎక్కువగా తాంగ్ కాలపు వైభవం, కంటికి కనిపించేది ఎక్కువగా మింగ్ కాలపు కట్టడం. తాంగ్ ఛాంగాన్ దాదాపు 84 చదరపు కిలోమీటర్ల నగరం. ఇప్పటి ప్రాకారం చుట్టిన ఊరు అందులో చిన్న ముక్క. ఆ ప్రాకారం 1370–78 మధ్య మింగ్ వంశం మొదటి చక్రవర్తి కాలంలో కట్టింది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైభాగం వెడల్పు 12 నుంచి 14 మీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు, ఒక చుట్టుకు సుమారు రెండు గంటలు పడుతుంది. నీడ మాత్రం లేదు కాబట్టి ఇది సాయంత్రపు పని. ప్రాకారం లోపలి నగారా గోపురం 1380 నాటిది, గంట గోపురం 1384 నాటిది.

మట్టి సైనికుల మ్యూజియం ఊరికి తూర్పున 35 కిలోమీటర్లకు పైగా దూరంలో, లింతోంగ్‌లో ఉంది. తలుపులు తీసే వేళకే అక్కడ ఉండాలి. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా చేసిన బొమ్మలివి. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు బయటపడ్డాయి, 1987లో యునెస్కో జాబితాకెక్కాయి. సమాధి దిబ్బను ఇంతవరకు తవ్వలేదు. బొమ్మలు దొరికిన ఒకటో గుంత పొడవు 230 మీటర్లు, పైన రేకుల కప్పు ఉంటుంది. ముందు కటకటాల దగ్గర అందరూ ఫోన్లు పైకెత్తి నిలబడతారు. అక్కడ తోసుకోకుండా పక్క నడవల్లోకి వెళితే ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి. రెండో గుంత హాల్లో మోకరించిన విలుకాడిని అద్దాల పెట్టెలో ఉంచారు. అతని వెనక్కి వెళ్లి చెప్పు అడుగు చూడాలి. వేళ్ల దగ్గర, మడమ దగ్గర కుట్లు దగ్గరదగ్గరగా, నడుమ పలచగా ఉంటాయి. చెప్పు ఎక్కడ ఎక్కువ అరుగుతుందో శిల్పికి తెలుసు.

తాంగ్ కాలం నుంచి నేలమీద మిగిలినవి ముఖ్యంగా రెండు గోపురాలు. పెద్ద హంస గోపురాన్ని 652లో బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ కట్టించాడు, 704లో మళ్లీ కట్టారు. ఏడంతస్తులు, 64 మీటర్లు. 645లో భారతదేశం నుంచి తిరిగివచ్చినప్పుడు వెంట తెచ్చిన 657 గ్రంథాలను భద్రపరచడానికి వెలిసిందది. తెలుగువారికి ఈ చోటు మరింత దగ్గరిది. నలందలో చదివిన ఆ భిక్షువు వేంగినీ, ధాన్యకటకాన్నీ చూశాడు. ధాన్యకటకంలో విహారాలు చాలావరకు పాడుబడ్డాయని 646లో పూర్తయిన తన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ ధాన్యకటకంలోనే ఉన్న అమరావతి స్తూపాన్ని ముందుగా చూసి వెళ్లినవారికి ఈ గోపురం దగ్గర చెప్పే కథ బాగా అర్థమవుతుంది. చిన్న హంస గోపురం 43 మీటర్లు. 1556 భూకంపంలో పై అంతస్తులు పోయి 15కు 13 మిగిలాయి. దాని చుట్టూ చెట్లున్నాయి, జనం తక్కువ.

నగారా గోపురం వెనక హుయ్ ముస్లింల వీధులున్నాయి. పెద్ద మసీదు మినార్లు లేకుండా చీనీ గుడి పద్ధతిలో, వరస ముంగిళ్లతో ఉంటుంది. ప్రార్థన మందిరంలోకి ఇతరులను రానివ్వరు, ముంగిళ్లలో నీడ బాగుంటుంది. ఈ వీధుల్లో తిండి ఎక్కువగా గొర్రె, గొడ్డు మాంసంతోనే. పావ్‌మో అడిగితే ముందు గట్టి రొట్టె, ఖాళీ గిన్నె ఇస్తారు. రొట్టెను శనగగింజంత ముక్కలుగా చేత్తో తుంచి తిరిగి ఇస్తే వంటవాడు పులుసులో ఉడికించి తెస్తాడు. మాంసం తిననివారికి లియాంగ్‌పి నప్పుతుంది, అది కారం నూనె, వెనిగర్ కలిపిన చల్లని నూడుల్స్. పులుసుల్లో మాంసరసం ఉండవచ్చు కాబట్టి మాంసం, చేప, గుడ్డు వద్దని చీనీలో రాయించిన చీటీ చూపించాలి.

బృందంలో నడిచేవాడు కలుసుకునే చోటును, వేళను ఫోన్‌లో రాసుకోవాలి. తప్పిపోతే వెతుకుతూ తిరగక, చివరగా అందరూ కలిసి ఉన్న చోటే నిలబడాలి. తలతిరగడం, వికారం, చెమట ఆగి ఒళ్లు కాలడం వడదెబ్బ గుర్తులు. మొహమాటపడకుండా వెంటనే చెప్పి నీడకు చేరాలి. అంబులెన్సుకు 120, పోలీసుకు 110. రోజుకు రెండు చోట్లు నిదానంగా చూస్తే షియాన్ అర్థమవుతుంది. అయిదు చోట్లకు పరుగెత్తితే ఎండ తప్ప మరేమీ గుర్తుండదు. పట్టికలో ఏదైనా కొట్టేయక తప్పకపోతే ముందు దుకాణాలనే కొట్టేయాలి.

ఇట్లు,
మామయ్య