పాత కట్టడములు – విద్యుత్తు పొదుపు – పనుల వరుస

మన పలాస, టెక్కలి పట్టణములలోను, ఉద్దానము తీరమునందును పాత పాఠశాలలు, కార్యాలయములు పెక్కు కలవు. వేసవిలో కప్పు కాగి గది కొలిమి వలె నగును; పంకాలు ఆ వేడిగాలినే త్రిప్పును. అన్నింటిని ఒక్కసారిగా బాగుచేయుటకు ధనము చాలదు గనుక పని విడతలవారీగా సాగవలసినదే. అయితే వరుస తప్పినచో ఒకే పనికి ప్రజాధనము రెండుమార్లు ఖర్చగును.

మన దేశమున ఇంధన పొదుపు చట్టము 2001లో వచ్చినది. వాణిజ్య భవనముల నియమావళి 2007లో వెలువడగా, ఆంధ్రప్రదేశ్ తన నియమావళిని 2014లో రూపొందించుకొన్నది. నివాసములకు 2018లో 'ఎకో నివాస్ సంహిత' ఏర్పడినది. ఇవి ముఖ్యముగా క్రొత్త కట్టడములను ఉద్దేశించినవి. పాతవాని కొరకు ఐరోపా సమాఖ్య 2024 నాటి ఆదేశములో 'పునరుద్ధరణ పాస్‌పోర్టు'ను ప్రవేశపెట్టినది. ఏ పని దేని తరువాత చేయవలెనో, దానివలన ఎంత ఆదా యగునో అందు వ్రాసియుండును.

మన తీరమునకు అట్టి పత్రము వ్రాసినచో మొదటి పని కప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు గంటకు 140–150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినది. కావున కప్పును గాలికి నిలుచునట్లు బిగించి, కారుట మాన్పి, పిదప ఎండను మరలించు తెల్లపూత వేయవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇట్టి చల్లని కప్పుల కొరకే ఒక విధానము ప్రకటించినది.

రెండవది కిటికీలకు నీడ, గదికి గాలి రాకపోకలు. మూడవది దీపములు, పంకాలు. 75 వాట్ల పంకాకు బదులు 30 వాట్ల పంకా అమర్చినచో, 20 పంకాలు దినమునకు 8 గంటల చొప్పున 200 దినములు తిరిగినపుడు 1,440 యూనిట్లు మిగులును. సౌరఫలకములు చివరివి. వాడకము తగ్గిన పిదప తక్కువ ఫలకములే చాలును. కారుచున్న కప్పుపై ముందే బిగించినచో మరమ్మతునాడు వానిని విప్పక తప్పదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రతి ప్రభుత్వ భవనమునకు ఒక్కసారి పరిశీలన జరిపి ఇట్టి పత్రము సిద్ధపరచుట. తరువాత తుపాను మరమ్మతు నిధి వచ్చినను, సౌరవిద్యుత్ రాయితీ వచ్చినను, ఆ వరుసలోని పనికే వినియోగింపవచ్చును. పత్రము లేనిచోట ఏ నిధి ముందు వచ్చిన ఆ పనియే ముందు జరుగును.

ఇందుకు మన కళాశాలలోనే నాంది పలుకవచ్చును. విద్యార్థులము మనము పన్నెండు నెలల విద్యుత్ బిల్లులు, పంకాల లెక్క, మధ్యాహ్నవేళ ప్రతి గది ఉష్ణోగ్రత నమోదు చేసి పాలకవర్గమునకు సమర్పింతము. ఏ గది కప్పుతో పని మొదలిడవలెనో ఆ పట్టికయే తెలుపును.